మాతకు కామెర్లయిన తపస్సు కాలం

ఏన్కూరు దాటి అడవి దిక్కుగా పోతుంటే, పత్తిచేలు సన్నబడి టేకుచెట్లు మొదలయ్యే చోట మాతగుంపు వస్తుంది. నలభై ఇళ్ళు ఉంటాయేమో. ఒక గుడి, గుడి పక్కన నల్లరాళ్ళు పేర్చి కట్టిన చిన్న గుహ, గుహలో మరియమాత. మూడేళ్ళ పిల్లంత ఎత్తు. రెండు చేతులూ కిందికి చాపి, అరచేతులు మనకు కనపడేలా నిలబడి ఉంటుంది ఆ తల్లి.

పొద్దున్నే ఉపదేశి ఆంథోని గంట కొడతాడు. ఫాదర్ గారు నెలకోసారి వస్తారు గనక మిగతా రోజులన్నీ ఆ గుడికి పెద్ద ఆయనే. గంట తాడును ఎడమ మణికట్టుకు గట్టిగా చుట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగుతాడు. ఆ మోత వినగానే ఆడవాళ్ళు వాకిట్లో చీపురు వదిలేసి గుహ దగ్గరికొస్తారు. దండం పెట్టుకుంటారు. పెట్టుకున్నాక మాత ఒళ్ళంతా చూస్తారు. మెడ కింద చూస్తారు, చెవుల వెనక చూస్తారు, వేళ్ళ సందులు కూడా వదలరు. ఊళ్ళో ఎవరి ఒంటి మీద ఏది లేచినా ముందు మాత మీద లేస్తుంది మరి.

తట్టు లేచిందా, ఆ రోజు పిల్లలెవరూ బడికి పోరు. వేళ్ళ సందుల్లో గజ్జి కనపడిందా, ప్రతి ఇంట్లో వేపాకు కాగుతుంది. ఒకసారి మాత మోకాలి మీద పెద్ద గడ్డ లేస్తే, ఊరంతా మోకాళ్ళు తడుముకుని చివరికి అది ఎవరిదో కనిపెట్టి, ఎత్తుకుపోయి కోయించారు. బొమ్మలకు మొక్కని పెంతెకొస్తు ఇంటి నుంచి కోడలై వచ్చిన హెప్సిబా కూడా రోజూ వస్తుంది. "నేను మొక్కను, గాని చూడకుండ ఉండ. చూస్తే పాపమా?" అంటుంది. పాపం కాదనే అన్నారు అందరూ. కన్నతల్లి పిల్లల బాధ పంచుకోక ఇంకేం చేస్తుందండీ? అందులో వింతేముంది?

వింత వేరే ఉంది. మాత ఒళ్ళు చూడటం అలవాటయ్యాక ఆ ఊరివాళ్ళు పక్కనున్న మనిషి ఒళ్ళు చూడటం మానేశారు. ఒళ్ళు మండాల్సింది అక్కడ. ఆ తల్లి చూపిస్తున్నది మనుషుల్ని చూడమని. వీళ్ళు ఆమెనే చూస్తూ కూర్చున్నారు.

ఆ ఏడు మిరప కోతలు మొదలైనప్పుడు మాత అరచేతులు ఎర్రబడ్డాయి. బొటనవేలి కింద దిబ్బ, చిటికెనవేలి కింద దిబ్బ, గోరింటాకు పెట్టి కడిగినట్టు. ఆడవాళ్ళు చూసి మురిసిపోయారు.

"అమ్మ గూడ మనతోని కాయ ఏరిందే!"

"ఏ చేనుకు పోయిందో అడుగు, కూలి ఇప్పిద్దం."

కోతల కాలంలో ఆ ప్రాంతంలో ఎవరి చేతులు ఎర్రగా ఉండవు చెప్పండి. కాయ తెంపి, కల్లంలో తిరగేసి, తొడిమ తీసి, తాలు ఏరి, పొద్దూకేసరికి అరచేతులు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. మజ్జిగలో ముంచుకుని పడుకుంటారు. మాత పాదాల దగ్గర కూడా ఒక గిన్నెలో మజ్జిగ పెట్టారు. ఎంత ప్రేమ! ఎంత గుడ్డి ప్రేమ! కాయ తెంపిన చేయి రెండ్రోజులు పని మానితే తెల్లబడుతుంది. క్రిస్మస్ ముందు నుంచి ఒక్కరోజూ తెల్లబడని చేయి మిరప మంటది ఎట్లా అవుతుందని ఒక్కరికీ తోచలేదు.

ఆ చేయి ఆంథోనిది.

ఆయనకు అరవై ఏడు. అర ఎకరం మిరప, షుగరు జబ్బు, చిన్న పొట్ట. దసరా నుంచి ఒళ్ళు దురద. దద్దు లేదు, పొక్కు లేదు, ఉత్త దురద. పడుకుంటే మరీ ఎక్కువ. "మిరప దుమ్ము" అన్నాడు. భార్య ఆరోగ్యమ్మ కొబ్బరినూనె రాయబోతే చేయి తోసేశాడు. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొక్కు ఉందని చెప్పి పడక గుడి వసారాలోకి మార్చుకున్నాడు. నిండు చేతుల చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. కంటి ఆపరేషన్ చేసినవాళ్ళు ఇచ్చిన నల్లద్దాలు ఏడాది దాటినా తీయలేదు. ఆరోగ్యమ్మ అడిగితే "ఎండ పడతలేదే" అనేవాడు.

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం దాటిన శనివారం ఆయన గడ్డం గీసుకుంటూ అద్దాలు తీసి అద్దంలో చూసుకున్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఛాతీ మీద చూసుకున్నాడు. చిన్న చిన్న ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ సాలీడు కాళ్ళలాంటి సన్నని గీతలు. ఇలాంటివి ఆయన ఇదివరకు ఒక్క మనిషి మీదే చూశాడు. సారా తాగి తాగి పోయిన యాకోబు మీద. యాకోబును పాతిపెట్టిన రోజు సమాధి దగ్గర నిలబడి ఏం చెప్పాడో ఆయనకు ఒక్కో మాటా గుర్తుంది. "తాగినోని పాపాన్ని దేవుడు వాని తోలు మీదనే రాస్తడు" అని చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా అదే చెబుతున్నాడు. ఆ మాట విని నలుగురు సారా మానేశారు కూడా.

ఆంథోని జీవితంలో చుక్క ముట్టలేదు. మరి ఈ రాత ఎవరిది? భయమేసింది. ఆ భయాన్ని ఒప్పుకోవడం చేతకాని మగవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. కోపం తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున మాతకు కట్టిన చీర మార్చబోయి ఆరోగ్యమ్మే ముందు చూసింది. మాత కళ్ళు పచ్చబడ్డాయి. మెడ కింద సాలీడు గీతలు. "కామెర్లు" అన్నారు ఒకరు. "యాకోబుకు గిట్లనే ఉండె" అన్నారు ఇంకొకరు. ఆ మాట గుళ్ళోకి వాళ్ళకంటే ముందే చేరింది.

ఆంథోని ప్రసంగ పీఠం పట్టుకుని నిలబడ్డాడు. నల్లద్దాలు తీయలేదు.

"తల్లి కండ్లు పచ్చవడ్డయ్! చూసిండ్రా? తపస్సు కాలంల గూడ సీసా ఇడువనోడు ఈ ఊళ్ళ ఉన్నడు. వాని కాలేయం కుళ్ళుతుంటే ఆ కుళ్ళు తల్లి మోస్తాంది. వానికి సిగ్గుండాలె!"

పేరు చెప్పలేదు. కానీ ముఖం ఒక దిక్కుకు తిప్పాడు. ఆయన అన్నకొడుకు జస్టిన్, ఆటో తోలేవాడు, వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య హెప్సిబా, ఒళ్ళో కూతురు స్తుతి. ఊరి తలలన్నీ అటు తిరిగాయి.

జస్టిన్ లేచాడు. "చిన్నాయనా, నేను తాగుత. లేదనను. గాని తపస్సు కాలం మొదలైనకాడికెల్లి ముట్టలే."

"దొంగ ఎప్పుడు ఒప్పుకున్నడు?" అన్నారు ముందు బెంచీలో.

"నా మీద ప్రమాణం చేసి చెప్పమను" అంది జస్టిన్ మేనత్త.

"చూపిత్త, నా కండ్లు చూడుండ్రి. ఎవరన్న వచ్చి చూడుండ్రి!"

ఎవరూ లేవలేదు. చూడాల్సినదంతా గుహలో చూసేశామనే వాళ్ళ నమ్మకం. జస్టిన్ కూతుర్ని ఎత్తుకుని బయటికి నడిచాడు. హెప్సిబా మాత్రం గుమ్మంలో ఆగింది. "మా నాయన సంఘంల మనిషిని గిట్ల నిలబెట్టి కొట్టరు" అని ఊరికి వినపడేటట్టు చెప్పి పోయింది.

మరునాడు ఆంథోని ఇంకో పని చేశాడు. పవిత్రవారానికి ముందు గుళ్ళో స్వరూపాలకు, అంటే విగ్రహాలన్నిటికీ, ఊదా గుడ్డ కప్పడం ఆచారం. మాతగుంపులో మిగతా స్వరూపాలన్నిటికీ కప్పేవాళ్ళు గానీ మాతకు కప్పేవాళ్ళు కాదు. పిల్లల తల్లులకు ఆమెతో రోజూ పని ఉంటుంది కదా. ఈసారి ఆంథోని అన్నిటికంటే ముందు మాతకే కప్పాడు. తల నుంచి పాదాల దాకా కప్పి, నడుము దగ్గర తాడుతో కట్టేశాడు.

"గిప్పుడే ఎందుకయ్యా?" అని అడిగింది ఆరోగ్యమ్మ.

"తల్లి బాధ పడ్తాంది. జనం సంతల బొమ్మను చూసినట్టు చూత్తుండ్రు."

"పిల్లలకు ఏమన్న అయితే ఎట్ల తెలుస్తది?"

"గుడి సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా?"

ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్న వినగానే ఆరోగ్యమ్మ ఏదో పనిలో పడిపోతుంది. ఆ రోజు కూడా మజ్జిగ గిన్నె తీసుకుని కడగడానికి పోయింది.

గుడ్డ కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు. వారం తిరిగేసరికి స్తుతికి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. మాత మీద ఏమైనా ఉందేమో చూద్దామంటే గుడ్డ. పడిశమేమోలే అనుకుని హెప్సిబా పిల్లను బడికి పంపింది. మూడోనాటికి స్తుతి ఒంటి నిండా ఆటలమ్మ. బడిలో సగం మంది పిల్లలకు అంటుకుంది. ఒక పసివాడికి జ్వరం నెత్తికెక్కి, ఏన్కూరు ఎత్తుకుపోవాల్సి వచ్చింది.

హెప్సిబా చేతిలో కొడవలితో గుహ దగ్గరికొచ్చింది. జనం పోగయ్యారు.

"ముట్టకు! నువ్వు మా తల్లిని నమ్మవు, నువ్వు ముట్టొద్దు!"

"అవ్, నమ్మ! నమ్మినోళ్ళు మీరేం జేసిండ్రు? మూట గట్టి పెట్టిండ్రు!" తాడు తెగ్గోసింది. గుడ్డ పట్టి లాగింది.

మాత ఒళ్ళంతా పసుపు. ఆ పసుపు మీద ఆటలమ్మ పొక్కులు. గీరుకున్న గోళ్ళ చారలు మెడ నుంచి మోచేతుల దాకా. మోచేతి దగ్గర కమిలిన మచ్చలు. ఎడమ మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకున్నట్టు నల్లగా కమిలిన కడియం.

ఊరు "జస్టిన్ చేసిన పాపం" అని గొణిగింది. ఆరోగ్యమ్మ ఆ కడియాన్ని చూసింది. ఆ ఊళ్ళో తాడును మణికట్టుకు చుట్టుకునే మనిషి ఒక్కడే. ముప్పై ఏళ్ళుగా చుట్టుకుంటున్నాడు, ఎన్నడూ ఇంత కమలలేదు. ఆమె కింద పడ్డ ఊదా గుడ్డను తీసుకుంది. హెప్సిబా భుజం మీద ఒక్కసారి చేయి వేసింది. కల్లం దిక్కుకు నడిచింది.

మధ్యాహ్నపు ఎండ. కల్లం నిండా ఎర్రగా పరిచిన మిరపకాయలు. ఆంథోని వాటి మధ్య కాలితో సాళ్ళు తీస్తూ తిరగేస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పకుండా కాయలు తొక్కుకుంటూ వచ్చింది.

"ఏమే, కాయ పలుగుతది!"

"చెయ్యి చూపియ్యి."

"ఏంది?"

ఆమె చొక్కా గుండీ తెంపి చెయ్యి పైకి తోసింది. మణికట్టు చుట్టూ నల్లటి కడియం.

"అద్దాలు తీయి."

"ఎండ..."

"తీయి!"

తీశాడు. కళ్ళు తునికిపండు గుజ్జులా పచ్చగా ఉన్నాయి. ఆమె గొంతు లేచింది, ఇక ఆగలేదు.

"నువ్వేనాయ్యా? నువ్వా? ఇన్నొద్దులు నా పక్కన కూసొని అన్నం తిన్నది ఈ కండ్లతోనా?"

"మెల్లగనవే. వింటరు."

"వినని! మొన్న గుళ్ళె మైకు లేకుండనే ఊరంత వినిపిచ్చినవ్ గదా, ఇప్పుడు మెల్లగెందుకు?"

"నేనేం జెయ్యాలె చెప్పు" అన్నాడు ఆంథోని. గొంతులో కోపమే, కానీ లోపల బోలుగా ఉన్న కోపం. "తాగినోని తోలు మీద దేవుడు రాస్తడని నేనే చెప్పిన. ఇయ్యాల నా తోలు మీద రాసిండు. నేను ముట్టలేదంటే ఎవడు నమ్ముతడు? దొంగతనంగ తాగిండంటరు. ముప్పై ఏండ్లు మనల్ని ఎర్రోళ్ళను చేసిండంటరు. గుళ్ళెకు ఎట్ల పోవాలె?"

"అందుకని జస్టిన్ గాని మీద పెట్టినవా?"

"నేను పేరు చెప్పలే."

"పేరు చెప్పలే. వాని దిక్కు మర్రినవ్. నల్లద్దాలు గూడ వాని దిక్కే మర్రినయ్."

ఆంథోని తల దించుకున్నాడు.

"జల్దీ నడువు. ఖమ్మం పోదం."

"రాను. దవాఖానాల లివర్ అని రాస్తరు. రాసింది ఊరికొస్తది. నేను మంచిపేరుతోని బతికిన. మంచిపేరుతోనే పోత."

"సమాధి మీద చెక్కిపిస్త తియ్ నీ మంచిపేరు!" ఆమె ఊదా గుడ్డను ఆయన ముఖాన కొట్టింది. "నేనేం జేసుకోవాలె దాన్ని? నాతోని మాట్లాడ్తదా? పొద్దుగాల లేసి గంట కొడ్తదా? తల్లి నీ రోగం మోస్తుంటే గుడ్డ కప్పినవ్. పసిపోరగాళ్ళు కాలిపోతుంటే గుడ్డ తీయలే. నువ్వు దేవుని మనిషివా?"

"దవాఖానా మాట ఇంకోపారి ఎత్తితే ఇంట్ల మెతుకు ముట్ట."

ఆమె మళ్ళీ ఎత్తలేదు.

తెల్లవారి ఆంథోని గంట కొట్టకముందే ఆరోగ్యమ్మ పోయి జస్టిన్ వాకిట్లో నిలబడింది.

"ఆటో తీయరా. ఖమ్మం పోవాలె."

జస్టిన్ గడ్డం మాసి ఉంది. "ఎవల్ని తీస్కపోవాలె చిన్నమ్మా?"

"మాతను."

జస్టిన్ ఆశ్చర్యపోలేదు. "నేను కుళ్ళినోన్ని గదా. తల్లి నా ఆటో ఎక్కుతదా?"

"ఎక్కుతది. ఆ రోగం నీది కాదు, మీ చిన్నాయనది. ఆయన రానంటుండు. అందుకే ఆమెను తీస్కపోతన్న. నీకు నేను చెప్పాల్సింది చానా ఉన్నది, మొకం చూసి చెప్ప బుద్ధయితలేదు. నడుపు."

హెప్సిబా లోపలి నుంచి పాత దుప్పటి తెచ్చి, మాతకు చలిగాలి తగలకుండా చుట్టింది. మొక్కలేదు. చుట్టింది.

ఖమ్మం పెద్ద దవాఖానాలో చిట్టీల దగ్గర మనిషి తలెత్తకుండా అడిగాడు. "పేషెంటు పేరు?"

"మాత."

"వయసు?"

"అరవై ఏడని రాయి. ఆయన వయసు."

రాశాడు. బెంచీ మీద బురఖా వేసుకున్న ఆమె కాస్త జరిగి మాతకు చోటిచ్చింది. పక్కనే బిచ్యా అనే లంబాడా ముసలాయన, పొట్ట కుండలా ఉబ్బి కూర్చుని ఉన్నాడు. "బాగ పచ్చవడ్డది పాపం" అన్నాడు మాతను చూసి. "లోపలికి ముందు పంపుండ్రి" అని కూతురితో చెప్పించాడు.

డాక్టర్ నిర్మలాదేవి మాతను స్టూలు మీద నిలబెట్టించుకుంది. కళ్ళు చూసింది. అరచేతులు వెలుగులోకి తిప్పి చూసింది. మెడ కింద ఎర్రచుక్క మీద వేలు నొక్కింది. ఎరుపు పోయింది. వేలు తీయగానే నడిమి నుంచి కాళ్ళు చాపుకుంటూ మళ్ళీ వచ్చింది. కమిలిన మచ్చలు చూసింది. పొట్ట మీద తట్టి విన్నది.

"దురద ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా సంది."

"దద్దు, పొక్కు ఏం లేకుండానే?"

"ఏం లేదు. పొక్కులు ఆటలమ్మయి, అవి వేరే పిల్లయి."

"అవి తెలుస్తున్నయ్. షుగర్ ఉందా?"

"ఉంది."

"తాగుడు అలవాటుందా?"

ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. "గదే! గదే అడుగుతరు అందరు! లేదు. చుక్క ముట్టలే. ముట్టలేదు గాబట్టే ఇయ్యాల సావడానికి సిద్ధమైండు!"

"కూర్చో అమ్మా. అడిగేది మందు కోసం, తీర్పు చెప్పడానికి కాదు." డాక్టరు గొంతు పెంచలేదు. "తాగకపోయినా లివర్ చెడిపోతది. షుగర్‌తో, కొవ్వుతో, ఎప్పుడో వచ్చిపోయిన కామెర్లతో. పెద్ద వయసోళ్ళల్ల నొప్పి లేకుండ, చప్పుడు లేకుండ వస్తది. చాలాసార్లు ముందు తోలే చెప్తది. అరచేతులు, దురద, ఈ సాలీడు మచ్చలు. ఎవరూ పట్టించుకోరు. కళ్ళు పచ్చబడ్డంక భయపడ్తరు. ఈయన కడుపుల నీళ్ళు గూడ మొదలైనయ్. లోపల నరాలు ఉబ్బి ఉంటే ఏ రోజన్న పగిలి రక్తం కక్కుకుంటడు. ఆలస్యం చేయొద్దు. మట్టిబొమ్మ నుంచి నేను రక్తం తీయలేను. మనిషి కావాలె."

"మనిషి రాడమ్మా."

బయట వరండాలో అరుపు వినపడింది. "ఏది? ఎక్కడున్నది? ఎవర్నడిగి లేపినవే తల్లిని?"

ఆంథోని. గంట కొడదామని పోయి, ఖాళీ గుహ చూసి, హెప్సిబాను నిలదీసి, దొరికిన బస్సు ఎక్కి వచ్చేశాడు. చెప్పులు రెండూ రెండు జతలవి. వరసలో ఉన్నవాళ్ళను తోసుకుంటూ లోపలికొచ్చి, భార్య మీదికి చెయ్యెత్తాడు. ఎత్తిన చేతికి చొక్కా మడత జారింది. కమిలిన కడియం అందరికీ కనపడింది.

డాక్టరు ఆ చేతినీ, మాత చేతినీ చూసింది. "ఈయనేనా? వచ్చిండు గదా. కూర్చోండి."

ఆరోగ్యమ్మ మాతను తీసి ఒళ్ళో పెట్టుకుంది. స్టూలు ఖాళీ అయింది.

ఆంథోని కూర్చోలేదు. వరసంతా తలుపు దగ్గర తలలు పెట్టి చూస్తోంది. ఆయన వాళ్ళ వైపు తిరిగి అరిచాడు. "నేను తాగ! ఎన్నడు తాగలే! దేవుని తోడు!"

ఎవరూ అడగలేదసలు. అప్పుడు బిచ్యా బెంచీ మీద నుంచే అన్నాడు. "నేను తాగిన. బాగ తాగిన. నాది గూడ ఇదే లైను. నువ్వు జల్దీ కూసో అన్నా, నీ ఎనక నేనే ఉన్న."

వరసలో ఎవరో నవ్వారు. ఆంథోనికి ఆ నవ్వు మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నిలబడే ఓపిక అప్పటికే అయిపోయింది. స్టూలు మీద కూలబడ్డాడు. డాక్టరు అడగకుండానే నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చేతులు రెండూ చాపాడు, అరచేతులు పైకి.

"బాగవుతదని నేను మాటియ్యను" అంది డాక్టరు, చూడటం అయ్యాక. "ముందే వస్తే మంచిగుండు. ఇప్పుడైతే దాటిపోలే. ఇయ్యాలనే అడ్మిట్ చేస్తున్న."

ఆంథోని తల ఊపాడు. భార్యను చూడకుండా, "తల్లిని జాగర్తగ తీస్కపో" అన్నాడు.

"నీకంటే జాగర్తగనే తెచ్చిన" అంది ఆరోగ్యమ్మ.

బిచ్యాకు కూడా ఆ వార్డులోనే పక్క మంచం దొరికింది. ఆయన కూతురు, "ఇద్దర్ని నేను చూసుకుంట, నువ్వు పోయి బట్టలు తెచ్చుకో పెద్దమ్మా" అంది. మధ్యాహ్నం దాటాక ఆరోగ్యమ్మ మాతను ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. ఆంథోనిని తిట్టింది. ఊరిని తిట్టింది. పాదాల దగ్గర మజ్జిగ గిన్నె పెట్టిన ఆడవాళ్ళను, ఆ ఆడవాళ్ళలో తననూ తిట్టుకుంది. పక్కలో పడుకున్న మనిషి గీరుకుంటుంటే దుమ్మనుకున్న తన కళ్ళను తిట్టుకుంది.

కొణిజర్ల దాటాక జస్టిన్ అడిగాడు. "ఊళ్ళె అడుగుతరు చిన్నమ్మా. ఏం జెప్పాలె?"

"ఉన్నది చెప్పు. లివర్ అని చెప్పు."

"తాగలేదు, షుగర్‌తోని వచ్చిందని డాక్టరమ్మ చెప్పిందని గూడ చెప్త. లేకుంటే చిన్నాయన పేరు..."

"చెప్పకు!"

జస్టిన్ బ్రేకు మీద కాలు వేశాడు.

"గా మాట చెప్పకు. తాగలేదు గాబట్టి పాపం అని జాలి పడ్తరా? తాగినోడైతే సావనిస్తరా? యాకోబు దురదలని మొత్తుకుంటే ఒక్కరన్న దవాఖానాకు తీస్కపోయినమా? వాని తోలు మీద దేవుడు రాసిండన్నం, పాతిపెట్టినం, ఇంటికొచ్చి బువ్వ తిన్నం. దేవుడు రాసింది సదువుమని రా! సదివి మనిషిని ఎత్తుకపొమ్మని!"

ఆటో రోడ్డు పక్కకు జరిగి ఆగింది. పక్కన పత్తి లారీ ఒకటి ఊపుతూ పోయింది. జస్టిన్ ఇంజను ఆపి, సీట్లో వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ చాపాడు.

"చిన్నమ్మా. గుళ్ళె చూడుండ్రి అంటే ఎవరు లేవలే. నువ్వు గూడ లేవలే. ఇప్పుడన్న చూడు."

ఆరోగ్యమ్మ ఆ చేతులు పట్టుకుంది. ఎండ వైపు తిప్పింది. అరచేతులు చూసింది, గోళ్ళు చూసింది, చొక్కా కాలరు పక్కకు లాగి మెడ చూసింది. గడ్డం పట్టి కనురెప్ప కిందికి దించి, బాగా దగ్గరగా వంగి చూసింది. పుట్టినప్పుడు నీళ్ళు పోసిన పిల్లవాడు. ఆ తర్వాత ఇంత దగ్గరగా వాడి ముఖం చూసిన గుర్తు ఆమెకు లేదు.

"ఏమన్న ఉన్నదా?" అన్నాడు జస్టిన్. గొంతు చిన్నపిల్లాడి గొంతయింది.

"నాకేం తెలుసురా, నేను డాక్టర్నా? తిప్పు ఆటో."

"ఎటు?"

"ఖమ్మం."

"మల్లనా? చిన్నాయన ఆడనే ఉన్నడు గదా, నన్ను చూస్తే..."

"చూడని. పక్కపక్కన కూసోండ్రి. ఒకని మొకం ఒకడు కండ్లు నిండ చూసుకోండ్రి. సిగ్గు రావాలె ఇద్దరికి. సంపుకుంటరో మాట్లాడుకుంటరో మీ ఇష్టం."

"తల్లిని ఇంటికాడ దింపొద్దా?"

"ఆమెకేం తొందర లేదు. నువ్వు తిప్పు."

జస్టిన్ ఇంజను తిప్పి, ముందూ వెనకా చూసుకుని, ఆటోను రోడ్డుకు అడ్డంగా వేసి మళ్ళించాడు. ఆ మలుపులో మాత ఒక పక్కకు ఒరిగింది. ఆరోగ్యమ్మ ఒక చేత్తో ఆమెను దగ్గరికి తీసుకుంది. నోటితో మాత్రం జస్టిన్‌ను తిడుతూనే ఉంది.